తోంకా పేరు పెట్టిన రొయ్య

శిమే బార్బా గారికి,

ఈ ఉదయం గాజు పళ్ళెంలో ఒక కుబుసం తేలుతూ కనిపించింది. బియ్యపుగింజ కన్నా చిన్నది. సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తే, మనం మీ అమ్మాయి తోంకా పేరు పెట్టిన రొయ్యదే. దాన్ని విడిచి బయటికి వచ్చిన ప్రాణి మాత్రం మన తీరమంతా ఉండే మామూలు జాతిది.

అది కొత్త జాతి కాదు, బార్బా. పాత జాతిలోనే ఇంకా ఎదగని పిల్ల. మరో నెల పెంచి చూసి ఉంటే నాకు తెలిసేది. తోంకా సముద్రంలో పోయి ఏడాది నిండే నాటి పూజకల్లా పేరు అచ్చులో ఉండాలని తొందరపడ్డాను.

రేవులో మీరు అందరితో అన్న మాట నా చెవిలోనే ఉంది. "సమాధి రాతి మీద పేరు ఉప్పుగాలికి అరిగిపోతుందిరా. పుస్తకంలో పేరు అరగదు. నా పిల్ల ఇక సముద్రంలోనే ఉంటుంది." ఆ పేరు చెల్లదని శాస్త్ర పత్రికకు నేనే రాయాలి. మధ్యాహ్నం రాసి పంపాను. మీరు ఇంకొకరి నోట వినకూడదని ఇది రాస్తున్నాను.

మఠం బడి రోజుల నుంచీ తోంకా నన్ను ఏడిపించేది. "ఏమే సన్యాసినీ, ఈ సముద్రపు పేలకి కూడా జ్ఞానస్నానం చేయిస్తావా?" అంటూనే, సముద్రం అడుక్కి మునిగి తెచ్చిన స్పాంజీలను బకెట్టులో నా గుమ్మం ముందు పెట్టేది. వాటిలో దాక్కున్న ప్రాణులను నేను ఏరుకునేదాన్ని.

మీరు నన్ను ఎప్పుడూ ఏమీ అడగలేదు. ఆ రోజు గాలి బాగా లేదని తోంకా పడవ కట్టేసింది. ఇంకొక్క స్పాంజి కావాలని అడిగింది నేను.