చాకు మీద ఆవగింజంత మచ్చ

ఓరానీ, ఫిబ్రవరి, వాన రోజు

పట్టాడ ఊళ్ళో చాకులు చేసే మేస్త్రీ బైంజు మన్ను గారికి, ఓరానీ నుంచి తతానా కొంజు అనే ముసలిది దణ్ణం పెట్టి రాసుకునేది. ఇక్కడ అందరం క్షేమం. అలా రాయగానే ఏదో ఒకటి జరుగుతుందని నాకు భయం, కాబట్టి "ఇప్పటికి" అని చేర్చుకుని చదవండి.

మీరు పంపిన మడత చాకు బస్సు డ్రైవరు తెచ్చి ఇచ్చాడు. పొట్టేలు కొమ్ము పిడి ముద్దుగా ఉంది. కానీ నాయనా, మూసినప్పుడు దాని అలుగు, అదే కోసే ఉక్కు రేకు, పిడి మధ్యలోకి రాకుండా ఒక పక్కకి ఒరుగుతోంది, మా ఆయన ఆదివారం సారాకొట్టు నుంచి వచ్చినట్టు. మొనకి దగ్గర్లో ఆవగింజంత నల్ల మచ్చ కూడా ఉంది. రోజూ కిటికీ దగ్గర పెట్టి చూస్తున్నాను, పెరుగుతోందని అనుమానం.

మిమ్మల్ని తప్పు పట్టడం కాదు. నా బాధ వేరు. నా మనవరాలు అన్నెడ్డా సముద్రం అవతలి కుర్రాణ్ణి ఇష్టపడింది. పేరు ఎట్టోరె. ఊరూరా రోడ్లు కొలిచే ఉద్యోగంలో తిరుగుతాడు, చేతికి తోలు తొడుగులు వేసుకుంటాడు. మా అబ్బాయి పోయాక ఆ పిల్ల పెళ్ళి మాట మా అన్నయ్య బాకిస్‌దే. మే నెలలో గొర్రెల ఉన్ని కత్తిరించే పండగకి ఆ కుర్రాణ్ణి రమ్మన్నాడు. బల్ల మీద కాల్చిన మాంసం పెడతారు, ఎవరి చాకు వాళ్ళు తీసి కోసుకోవాలి. చాకు లేనివాడి గతి మీకు తెలుసు. పోయినేడు పొరుగూరి గుమాస్తా ఒకడు ఫోర్కు అడిగితే ఇప్పటికీ వాణ్ణి ఫోర్కనే పిలుస్తున్నారు. మా ఆయన చాకు ఇద్దామంటే అది ఆయన జేబులోనే పెట్టి ఆయనతో పాటే పాతేశాం.

అందుకే చాటుగా కొన్నాను. ఒరిగిన అలుగు, మచ్చ చూసి మా అన్నయ్య పెళ్ళి కాదంటే పిల్ల ఏమైపోతుంది?

ఇట్లు,
నిద్ర పట్టని
తతానా

తా.క. డ్రైవరు ఇందులో ఏముందని అడిగితే జపమాల అన్నాను. ఇంత బరువైన జపమాలా అని నా వైపు చాలా భక్తిగా చూశాడు.

---

పట్టాడ, ఫిబ్రవరి

తతానా అత్తకి బైంజు నమస్కారాలు. మా ఇంట్లో అందరం కులాసా, ఏమీ చేర్చుకోనక్కర్లేదు.

కంగారు పడకత్తా. కొమ్ము అన్నది చచ్చినా ఊపిరి పీల్చే వస్తువు. ఈ వానల తేమ తాగి ఉబ్బుతుంది, అలుగుని పక్కకి నెడుతుంది. కాస్త పొడిగా ఉన్నచోట పెట్టు, అదే సర్దుకుంటుంది. అలుగుని పిడికి పట్టే రివెట్టు దగ్గర ఒక చుక్క ఆలివ్ నూనె వెయ్యి. మచ్చంటావా, అది కొలిమిలో పుట్టిన ఉక్కుకి ఉండే పుట్టుమచ్చ. అంతగా కంటికి నచ్చకపోతే బూడిదలో బెండుముక్క అద్ది రెండుసార్లు రుద్దు.

ఇట్లు,
బైంజు మన్ను

తా.క. ముప్పై ఏళ్ళలో నా చాకుని కిటికీ దగ్గర పెట్టి రోజూ చూసిన మొదటి మనిషివి నువ్వే. మామూలుగా వాటితో ఏదైనా కోస్తారు.

---

ఓరానీ, మార్చి

మేస్త్రీ గారికి తతానా దణ్ణాలు. ఇప్పటికి క్షేమం, ఒక కోడి తప్ప.

మీరు చెప్పినట్టే చేశాను, కాస్త జాగ్రత్త కోసం ఎక్కువగా చేశాను. పొడి చోటన్నారు కదా, రొట్టెలు తీసేసిన పొయ్యి కన్నా పొడి చోటు మా ఇంట్లో లేదు. అందులో పెట్టాను. ఇప్పుడు అలుగు ఒరగడం లేదు, ఊగుతోంది! తెరిచి పట్టుకుంటే కాదు కాదని తల తిప్పుతోంది. నూనె ఒక చుక్క ఏ మూలకి చాలుతుందని చాకు మొత్తం జాడీలో ముంచి ఉంచాను. ఇప్పుడు చేతిలోంచి చేపలా జారుతోంది. మచ్చని రెండుసార్లు రుద్దితే పోలేదు, పొయ్యి బూడిద అయిపోయేదాకా రుద్దాను. మచ్చ పోయింది. దాని బదులు అలుగంతా గీతలు, దున్నిన చేనులా ఉంది.

అసలు సంగతి వినండి. కోస్తుందో లేదో చూద్దామని నిమ్మకాయ కోశాను. కళ్ళ ముందే అలుగు నీలంగా, తర్వాత నల్లగా అయింది! ఏ విషం పట్టిందోనని చాకుని కోళ్ళగూట్లో దాచాను. మర్నాడు ఒక కోడి గుడ్డు పెట్టలేదు. అన్నెడ్డా అడిగింది, "నానమ్మా, కోళ్ళగూట్లో కూర్చుని ఏం చేస్తున్నావు?" అని. "మాట్లాడుకుంటున్నాం" అన్నాను.

ఇట్లు,
చేతులు నూనెతో ఉన్న
తతానా

తా.క. ఉత్తరం మీద మరకలు నూనెవి, కన్నీళ్ళవి కావు. ఒక్కటి తప్ప.

---

పట్టాడ, మార్చి

తతానా కొంజు గారికి,

బైంజు మన్ను రాయునది. నిజం చెప్పండి. మిమ్మల్ని మా ఎదురు వీధి కమ్మరి పంపాడా? నా చాకుని పొయ్యిలో పెట్టడం, జాడీలో ముంచడం, బూడిదతో దున్నడం, తర్వాత లోపాలున్నాయని రాయడం. ఇవన్నీ ముసలావిడకి తోచే పనులు కావు, పోటీవాడికి తోచే పనులు.

మీరు నిజంగా ముసలావిడే అయితే వినండి. నిమ్మపులుసు తగిలితే మంచి ఉక్కు నల్లబడుతుంది. విషం కాదు, దాని స్వభావం. అలుగు ఊగితే రివెట్టు మీద చిన్న సుత్తితో తట్టాలి, బిగిసిందనిపించే ముందే ఆపాలి. కానీ మీ చేతికి సుత్తి ఇవ్వడానికి నాకు ధైర్యం చాలదు. చాకు వెనక్కి పంపండి. నా పేరున్న వస్తువు ఆ అవతారంలో లోకంలో తిరగడానికి వీల్లేదు.

ఇట్లు,
బైంజు మన్ను, మేస్త్రీ

తా.క. కోడి ఎలా ఉంది?

---

ఓరానీ, ఏప్రిల్

మేస్త్రీ గారికి తతానా వేల దణ్ణాలు. కోడి కులాసా. మీ ఎదురు వీధి ఆయన ఎవరో నాకు తెలియదు, ప్రమాణం. మీరు కోపంలో "మీరు" అని రాశారు, అందుకే ఇంకా భయమేసింది.

బాగుచేసి పంపిన చాకు అందింది. అద్దమే! అందులో నా ముఖం చూసుకుని, ఇంత ముసలిదాన్నయ్యానా అని ఒక పూట బాధపడ్డాను. ఊగదు, ఒరగదు, మచ్చ లేదు. ఇక ఏ భయమూ లేదని రొట్టెపిండి తొట్టిలో దాచాను. అలా అనుకోవడమే తప్పయింది.

మా అన్నయ్య వచ్చి తొట్టి మూత తీశాడు. చాకు తీసి అటూ ఇటూ తిప్పాడు.

"ఎవరిదే ఇది?"

"దారిలో దొరికింది అన్నయ్యా."

"అయితే పారేసుకున్నవాడు బిషప్పు అయ్యుంటాడు. దీంతో రొట్టె కూడా కోసిన పాపాన పోలేదు. చూడు ఎలా మెరుస్తోందో! మా బల్ల దగ్గర ఇలాంటి చాకు తీసినవాడికి మాంసం ఎందుకే, గిన్నెలో పాలు పోసి పెడతా."

అన్నయ్య వెళ్ళాక గాని సంగతి బుర్రకెక్కలేదు. ఆడదాన్ని, నాకేం తెలుసు? అలుగు నల్లగా ఉంటేనే మగవాడు పని చేసినట్టట, మెరిస్తే కొత్తగా కొన్నట్టట! బాబ్బాబు, చాకు పంపిస్తాను, ఆ మచ్చ మళ్ళీ పెట్టి ఇవ్వండి. నలుపు కూడా. వీలైతే ఆ గీతల్లో ఒక నాలుగు. కాస్త ఊగేలా చేసినా మంచిదే, మీ దయ.

ఇట్లు,
మీ వెంటపడి వేధిస్తున్న
తతానా

తా.క. ఆవగింజంత అని నేనే అన్నాను. ఇప్పుడు శనగగింజంత ఉన్నా ఫర్వాలేదు.

---

పట్టాడ, ఏప్రిల్

తతానా అత్తకి బైంజు నమస్కారాలు. ఎదురు వీధి మనిషివి కాదని ఇప్పుడు నమ్ముతున్నా. వాడికి ఇంత బుర్ర లేదు.

నీ ఉత్తరం మా ఆవిడకి చదివి వినిపించాను. నవ్వి నవ్వి పాలకుండ దొర్లించింది. కానీ నువ్వడిగింది నేను చెయ్యను. నకిలీ మచ్చలు పెడితే మీ అన్నయ్య ముక్కుతో వాసన చూసి కనిపెట్టేస్తాడు, కాపరుల సంగతి నాకు తెలియదా. నలుపు అమ్మే సరుకు కాదత్తా, వాడితే వస్తుంది. మే నెల దాకా టైముంది. ఉల్లిపాయలు కొయ్యి, ద్రాక్షతీగలు కత్తిరించు, జున్ను కొయ్యి, దాంతోనే తిను. తడి తుడవడం మాత్రం మరిచిపోకు. మొండిబారితే సానరాయి మీద నీళ్ళు చల్లి, అలుగుని కాస్త పైకి లేపి, రాతి మీంచి వెన్న గీసినట్టు లాగు. తోయకు, లాగు. సానరాయి ఒకటి పంపుతున్నా. సుత్తి కూడా. దేవుడు మనిద్దరినీ కాపాడాలి.

ఇట్లు,
బైంజు

తా.క. ఇంతకీ ఆ కుర్రాణ్ణి నీకు చాకుందా నాయనా అని అడిగావా?

---

ఓరానీ, మే మొదట్లో

మేస్త్రీ గారికి తతానా దణ్ణాలు.

అడగలేదు. అడిగితే లేదంటాడేమోనని భయం.

మిగతావన్నీ చేస్తున్నాను. ఇప్పుడు ఆ చాకు లేకుండా నాకు తోచడం లేదు. ఉల్లిపాయలు, బీన్సు, మేకపిల్ల మెడతాడు, అన్నెడ్డా పాత చెప్పుల తోలు, అన్నీ దాంతోనే. నలుపు వచ్చింది. మధ్యలో నీలం, అంచున ఊదా, వానకి ముందు కొండల మీద ఆకాశంలా ఉంది. మొన్న ముదురు జున్ను పెంకు కోస్తుంటే పదునులో చిన్న నొక్కు పడింది. ముందైతే ఏడ్చేదాన్ని. కూర్చుని సానరాయి మీద లాగాను. గోటికి తగలనంతగా అరిగిపోయింది. రివెట్టు కూడా నేనే తట్టాను. బిగిసిందనిపించే ముందే ఆపాను.

పండగ వచ్చే ఆదివారం. గొర్రెల కొట్టం గుమ్మం దగ్గర నిలబడి, కుర్రాడు లోపలికి వస్తుంటే చాకు జేబులో పడేద్దామని ఉపాయం.

ఇట్లు,
తతానా

తా.క. జేబు లేని ప్యాంటు వేసుకొస్తేనో?

---

పట్టాడ, మే

అత్తా, రెండే ముక్కలు. అలాంటి ప్యాంట్లు లేవు. ధైర్యంగా ఉండు.

బైంజు

తా.క. మా ఆవిడ ఆ ఆదివారం కొవ్వొత్తి వెలిగిస్తుందట. అలాంటి ప్యాంట్లు ఉంటాయేమోనని తనకీ అనుమానం వచ్చింది.

---

ఓరానీ, మే, పండగ తర్వాత

బైంజుకి తతానా అత్త ఆశీర్వచనాలు. మేం క్షేమం. ఏమీ చేర్చుకోకు.

ఏం జరిగిందో వరసగా చెబుతాను. కుర్రాడు వచ్చాడు. తొడుగులు వేసుకునే వచ్చాడు. నేను గుమ్మం దగ్గర చాకు జేబులో పెట్టబోతే నా చెయ్యి పట్టుకుని, "నానమ్మగారూ, ఏం వెతుకుతున్నారు?" అన్నాడు. సిగ్గుతో చచ్చాను. చెప్పేశాను. "నాకుందండీ" అని తీసి చూపించాడు. కర్రపిడి. అరిగి అరిగి ఉల్లికాడలా మిగిలిన అలుగు. మొన విరిగిపోయింది. వాళ్ళ కొండల్లో వాళ్ళమ్మ చెస్ట్‌నట్ కాయలు ఒలిచిన చాకట. ఇంతకన్నా ఎక్కువ లోపాలున్న చాకుని నేను పుట్టి బుద్ధెరిగి చూడలేదు. మా పని అయిపోయిందనుకున్నాను.

బల్ల దగ్గర అందరూ చాకులు తీశారు. కుర్రాడూ తీశాడు. మా అన్నయ్య చెయ్యి చాచి దాన్ని లాక్కున్నాడు. తిప్పాడు, ఊపాడు, బొటనవేలితో రాశాడు. "మొన ఏమైంది?" అన్నాడు. "చిన్నప్పుడు నేనే విరిచానండీ. మా అమ్మ అదే చాకుతో తొక్క తీసి నాకు కాయ పెట్టింది, తర్వాత చెంప మీద ఒకటి పెట్టింది" అన్నాడు. బల్లంతా నవ్వింది. అన్నయ్య వాడి ముందు పక్కటెముకల ముక్క పెట్టాడు. పాలు కాదు, పక్కటెముకలు!

నేను వడ్డించే రొట్టెలు అక్కడే పెట్టేసి కూలబడ్డాను. మగవాళ్ళ బల్ల దగ్గరే కూర్చున్నానని తర్వాత గాని తెలియలేదు. ఆకలేసింది. ఇన్ని నెలల్లో మొదటిసారి నాకు నిజంగా ఆకలేసింది. జేబులోంచి చాకు తీసి మాంసం కోసుకున్నాను.

అందరూ నా చేతి వైపు తిరిగారు.

"ఎవరిదే అది?" అన్నాడు అన్నయ్య.

"నాది."

"అబ్బో. ఈ నలుపు?"

"ఉల్లిపాయలు."

తీసుకుని వెంట్రుక మీద పదును చూశాడు. "ఎవడు నూరాడు?"

"ఎవడూ కాదు. నేనే."

తర్వాత తన చాకు మడిచి, చూడనట్టు దాన్ని నా పళ్ళెం దగ్గరికి తోశాడు. "కాస్త ఊగుతోందే" అన్నాడు. అంతే, అటు నుంచి ఒకడు, ఇటు నుంచి ఒకడు, "అత్తా ఇదీ, పిన్నీ ఇదీ" అంటూ బల్ల మీద చాకుల గుట్ట.

ఇప్పుడు మా కిటికీ నిండా ఊళ్ళోవాళ్ళ చాకులే. ఒకటి ఒరుగుతోంది, ఒకటి ఊగుతోంది, మా అన్నయ్యదైతే లోపల తుప్పు. నా చాకొక్కటే ఉన్నప్పుడు ఒక్క దిగులు. ఇప్పుడు ఊరి దిగులంతా నాకే. అయినా బాగానే నిద్ర పడుతోంది. అదే నాకు కాస్త భయంగా ఉంది.

ఇంకో సానరాయి పంపు, కాస్త పెద్దది.

ఇట్లు,
తతానా కొంజు

తా.క. నీ చాకు మీద మళ్ళీ ఆవగింజంత మచ్చ వచ్చింది. నువ్వు దాని జోలికి రాకు.

ఇంకో తా.క. మరిచేపోయాను. పెళ్ళి సెప్టెంబరులో. మీ ఆవిణ్ణి కూడా తీసుకురా, ఎవరి చాకు వాళ్ళు తెచ్చుకోండి.