మొహర్ కొట్టిన చీటీ

1957 ఆషాఢం, శుక్రవారం

ఇయ్యాల నవ్వి నవ్వి కడుపు నొచ్చింది. మా బడిల సత్తెమ్మ లెక్కల్ల అందరికంటె ముందున్నదని వాళ్ల నాయిన పోచయ్యకు సోమవారం చీటీ రాసి, బడి నౌకరుతోని పంపిన. గౌరవంగ ఉంటదని కింద బడి మొహర్, గుండ్రటి ముద్ర, గూడ కొట్టిన. మర్నాటి నుంచి పిల్ల బడికి రాలే. పరేషానయి ఇయ్యాల వాళ్ల ఊరు ఇంద్రేశం నడిచిపోయిన.

కొట్టంల ఎడ్లు లేవు. పోచయ్య తలుపు సందులకెల్లి చూసి, నేనొక్కన్నే ఉన్ననని బయటికొచ్చిండు.

"మొహర్ కాయిదమంటె జప్తేనాయె సారూ. ఎడ్లను బామ్మర్ది ఇంటికి తోలిన, పిల్లను గూడ బడికి పంపలే" అన్నడు.

ఆ ఇంట్ల చదువొచ్చింది సత్తెమ్మకొక్కదానికే. బిడ్డ భయపడ్తదని దానికి గూడ చూపియ్యకుండ చీటీని చూర్ల దోపిండట. నేనే తీసి చదివిన. "ఇంకోపారి సదువుండ్రి" అన్నడు. మూడోపారికి వాడకట్టంత జమయింది. సత్తెమ్మ సిగ్గుతోని తల్లి ఎన్కకు పోయింది.

నోటితోని చెప్తే అయిపోయే మాటకు మొహర్ ఎందుకు కొట్టిన్నో. రేపు పిల్ల బడికొస్తది. కాని ఈ వారం ఇంకో ఆరు ఇండ్లకు గిట్లనే చీటీలు పంపిన. ఎవరి ఎడ్లు యాడున్నయో.