నూట పన్నెండో పేజీలో చెయ్యి

అమ్మకి హరుమిచి నమస్కారం.

కులాసా అని మొదట రాయాలి కాబట్టి రాశాను. ఎంతవరకు నిజమో కింద తెలుస్తుంది. నువ్వూ, ఇసాకో పిన్నీ, మన హచినొహె ఫ్యాక్టరీలో అందరూ బాగున్నారని తలుస్తాను.

నువ్వడిగినవాటికి జవాబులు. తింటున్నాను. నువ్వు పంపిన గోధుమ సెంబే బిళ్ళలు పులుసులో వేసుకుని రెండు పూటలా అదే. కోపం తగ్గిందా అంటే, తగ్గలేదు. అవార్డు ఫలకం బియ్యం డబ్బా మీద పెట్టాను, ఈ టోక్యో గదిలో వేరే చోటు లేక.

నా పుస్తకం సంగతి నువ్వు రాసింది చదివాక మాత్రం ముద్ద దిగలేదు. గురువారం అది మన ఊరి కొట్టుకి రాగానే కొని, శుక్రవారం క్యాంటీన్లో అందరికీ చదివి వినిపిస్తానన్నావు. "ఇందులో సమ్మె చేయించేది నేనే" అని చెప్పేశావట. "నీ కొడుకు నిన్నెంత అందగత్తెని చేశాడో చూస్తాంగా" అని ఇసాకో పిన్ని వేళాకోళమాడిందట. అమ్మా, ఆలోగా ఈ ఉత్తరం నీకు అందాలి.

నేను పోటీకి పంపిన కథ నీకు తెలుసు. కానాగంత చేపల ఫ్యాక్టరీ, నలభై ఆరేళ్ళ మనిషి, కోత యంత్రం తినేసిన రెండు వేళ్ళు, ఆ చెయ్యే పైకెత్తి యంత్రాలు ఆపించడం. స్టేషన్ దగ్గర యూనియన్ వాళ్ళు పంచే కరపత్రాలు తప్ప నేను చదివిందేముంది? అయినా బహుమతి ఇచ్చారు. తర్వాత ఎడిటర్ సుగినో గారు, "బడిపిల్లలు చేపల వాసన కొనరండీ. ఫ్యాక్టరీని దయ్యాల రాజు గని చేద్దాం" అన్నారు. దోపిడీ ఎక్కడైనా దోపిడీయే కదా అని ఒప్పుకున్నాను. నలభై ఆరేళ్ళు పదిహేడయ్యాయి. దానికీ ఒప్పుకున్నాను.

అప్పుడు బొమ్మలు వచ్చాయి. ఈ తరహా నవలలకు బొమ్మే ప్రాణం, పిల్లలు అది చూసే కొంటారు. అట్ట మీద మన మనిషి, ఇప్పుడు మికురి అనే అమ్మాయి, రెండు చేతులూ ఎత్తి నవ్వుతోంది. పది వేళ్ళూ ఉన్నాయి.

బల్ల గుద్దాను. టీ ఒలికింది.

"ఆ వేళ్ళే కథండీ! అవి పోకపోతే ఆమె ఎందుకు తిరగబడుతుంది?"

సుగినో గారు టీ తుడుస్తూ, "ఈ బొమ్మ గీసినావిడ వారం రోజులు నడుం వాల్చలేదు. మీ కరపత్రాల ప్రకారం ఆవిడా కూలీయే కదా? అట్ట అచ్చుకి వెళ్ళిపోయింది. ఇక మారాల్సింది మాటలే. పది లైన్లు" అన్నారు.

"మార్చను."

"అయితే బొమ్మ ఒకటి, కథ ఒకటి. పిల్లలు నవ్విపోతారు. రెండో భాగం ఉండదు. మీ ఇష్టం, మహానుభావా."

అమ్మా, ఇన్నాళ్ళూ దాచింది ఇదే. మార్చాను. ఎవరూ చెయ్యి పట్టుకుని రాయించలేదు. ఆ సాయంత్రమే కూర్చుని పోయిన వేళ్ళ మాట ఉన్న చోటల్లా కొట్టేశాను. అనుకున్నదానికంటే సులువుగా పోయాయి. తనిఖీకి పెద్దమనుషులొచ్చిన రోజు, "చెయ్యి జేబులో పెట్టుకోవమ్మా, చూడ్డానికి బాగోదు" అని ఫోర్‌మన్ నీతో అన్నాడని, పధ్నాలుగేళ్ళ వయసులో ఫ్యాక్టరీ గేటు మీద రాళ్ళేశాను. ఆ రోజు నువ్వు పెట్టుకోలేదు. ఇప్పుడు నేను పెట్టించాను. వాడు జీతం కోసం అన్నాడు. నేను అట్ట మీద నా పేరు చూసుకోవడానికి చేశాను.

ఇప్పుడు రెండో భాగం రాయబోతే ఆ పిల్ల నాతో పలకదు. తను దేనికి పోట్లాడుతోందో నాకే తెలియదు. ఇరవై రోజులుగా ఒక్క పేజీ లేదు.

చదవొద్దని చెప్పడానికే ఈ ఉత్తరం మొదలుపెట్టాను. అది మళ్ళీ దాచిపెట్టడమేనని రాస్తుంటే తెలిసింది. చదువు. నూట పన్నెండో పేజీలో మికురి చేతులెత్తుతుంది. అక్కడ పుస్తకం పక్కన పెట్టి, నీ చెయ్యి ఎత్తు. క్యాంటీన్లో వాళ్ళు నన్నేమంటారో అక్షరం వదలకుండా రాసి పంపు, తిట్లయినా సరే. నా దగ్గర అంత నిజమైన వాక్యం ఇప్పుడు ఒక్కటీ లేదు.

ఇట్లు,
ఇంకా నీ కొడుకునేనా అని అడిగే ధైర్యం చాలని
హరుమిచి