రెండో దెబ్బ

కడప,
ఆదివారం ఉదయం.

చిరంజీవి వీరభద్రకు అమ్మ దీవించి రాస్తున్న సంగతులు. నేను, మీ అన్న, మీ వదిన ముగ్గురమూ ప్రాణాలతో ఉన్నాము. దాన్నే క్షేమమనుకో. ఆ మంచుకొండల్లో నీ దగ్గు తగ్గిందని రాశావు, మనసు కుదుటపడింది. నేను పంపిన చెనిక్కాయల ఉంటలు నీ తోటి జవాన్లు ఒక్క పూటలో ఊడ్చేశారట కదా, మళ్లీ చేసి పంపుతాను. నా మోకాళ్లు బాగానే ఉన్నాయి.

“అన్న ఫోన్ ఎత్తడు. నువ్వేమో కొండ మీద కాలు జారినాడని చెప్పి పెట్టేస్తావు. అసలు ఎట్ల పడినాడు?” అని అడిగావు. ఆ సంగతి ఫోన్‌లో నా నోట రాదు నాయనా. అందుకే కాగితం పట్టాను.

మీ అన్న ఉమామహేశ్ ఆఫీసువాళ్లు పన్నెండు మంది శని, ఆదివారాలు విశాఖ వైపు సముద్రాన్ని ఆనుకుని ఉన్న కొండల పార్కుకు పోయి, టెంట్లు వేసుకుని ఉండాలనుకున్నారు. ఏఎన్ఎం నర్సుగా ముప్పై ఏండ్లు చేసినదాన్ని, దెబ్బలు తగిలితే కట్టు కడతానని నన్నూ రమ్మన్నారు. మీ వదిన భువన చిన్నపిల్లలా సంబరపడింది. సముద్రాన్ని ఆ పిల్ల అదే మొదటిసారి చూడటం. శనివారం టెంటు తానే గట్టిగా బిగించి కట్టింది. మీ అన్న కట్టింది గాలికి ఎగిరిపోతే అందరూ నవ్వారు. వాడూ నవ్వాడు.

ఆదివారం పొద్దున్నే కొండ ఎక్కాము. దారి చూపే ఏసేపు అనే ఆయన నా చేతికి కొనకు ఇనుప పొన్ను వేసిన వెదురు కర్ర ఇచ్చాడు. భువన అందరికంటే ముందు శిఖరం చేరింది. చివరి బండ దగ్గర మీ అన్న ఎక్కలేక ఆగిపోతే, వంగి చెయ్యిచ్చి పైకి లాగింది. “సార్ కంటే మేడమే గట్టి!” అని ఎవరో అన్నారు. చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

దిగేటప్పుడు మిగతావాళ్లు ముందు పోయారు. మలుపు దగ్గర మేము ముగ్గురమే మిగిలాము. ఒక పక్క బండ, ఇంకో పక్క లోయ, కింద సముద్రం. వాడు ఉన్నట్టుండి భువన జడ పట్టుకుని మొహాన్ని బండకేసి కొట్టాడు.

“నలుగుర్లో నన్ను నవ్వులపాలు చేస్తావా? నీకు శానా బలిసిందే!”

కనుబొమ చీలి నెత్తురు కంట్లోకి కారింది. వాడు వదల్లేదు. కిందపడిన పిల్లను పొట్టలో తన్నాడు. ఇంకోసారి తన్నాడు. ప్రతి తాపుకూ ఆ పిల్ల అంచు వైపు జరుగుతోంది.

“ఒరే, పడిపోతాదిరా! ఇడిసిపెట్టురా!” అని అడ్డం పోతే నన్ను తోసేశాడు. లేచి, కర్ర రెండు చేతులా ఎత్తి వాడి భుజం మీద కొట్టాను. ఎముక విరిగిన చప్పుడు నాకు వినిపించింది. మోకాళ్ల మీద కూలబడి వాడు నన్ను చూశాడు.

“అమ్మా” అన్నాడు.

అక్కడితో ఆగి ఉంటే ఈ ఉత్తరం ఇంతటితో అయిపోయేది. మళ్లీ కొట్టాను నాయనా. మొహం మీద కొట్టాను. దవడ విరిగింది. రెండు పండ్లు నా కాళ్ల దగ్గర పడ్డాయి. మూడోసారి ఎత్తేసరికి ఏసేపు మలుపు అవతల నుంచి పరుగున వెనక్కి వచ్చి కర్ర లాక్కున్నాడు.

మొదటి దెబ్బ భువన ప్రాణం కోసం. రెండోదాని అవసరం ఎవరికీ లేదు. అది కొట్టినప్పుడు నాకు హాయిగా ఉండింది. ఈ మాట ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. ఆ చెయ్యి వాడికి ఎక్కడి నుంచి వచ్చిందో ఆ పూట తెలిసింది.

ఇద్దరూ కాలు జారి పడ్డారని ఆసుపత్రిలో చెబుదామని ఆఫీసువాళ్లన్నారు. నేనూ తలూపాను. అబద్ధం నాకు కొత్త కాదు. నాలుగేండ్లుగా భువన “బాత్రూంలో జారినా అత్తా” అంటే మందు పూసి ఊరుకున్నాను. పడిన దెబ్బేదో కొట్టిన దెబ్బేదో తెలియనిదాన్ని కాదు కదా!

ఎనిమిదో రోజున భువన కుట్లు విప్పారు. ఆ మధ్యాహ్నమే చీర మార్చుకుని వాకిట్లోకొచ్చింది.

“యాడికి పోతాండావమ్మా?”

“స్టేషన్‌కు అత్తా. నేను జారలేదని చెప్పాల.”

“ఉండు, నేనూ వస్తా.”

అక్కడ ఫిర్యాదు రాసుకుంటున్న పోలీసావిడ నా మాటలు విని కలం ఆపింది. “పడిపోయినాంక కొట్టినావంటే నీ మీద కూడా కేసైతాదమ్మా, ఆలోచించుకో” అంది. రాయమన్నాను. రెండు కేసులూ నడుస్తున్నాయి. భువన మహానంది దగ్గర వాళ్ల అక్క ఇంట్లో ఉంది, ఇక తిరిగి రాదు. రమ్మని నేనూ అడగను.

మీ అన్న దవడకు తీగలు కట్టారు. రాగి జావ గొట్టంతో తాగిస్తున్నాను. మొన్న పండ్ల సందుల్లోంచి, “కూలబడినాంక యాల కొట్టినావు?” అని అడిగాడు. గ్లాసు కడిగే నెపంతో లేచిపోయాను.

ఇక నీ పెండ్లి ముహూర్తం. రాయచోటికి పోయి, నీకనుకున్న పిల్ల సుప్రజ వాళ్లింట్లో ఇదంతా చెప్పి వచ్చాను. కోప్పడకు, దాచి పెండ్లి చేయడం నా వల్ల కాలేదు. వాళ్ల నాయన లోపలికి లేచిపోయాడు. సుప్రజ మాత్రం గడప దాకా వచ్చి, “ఆయన చెయ్యి ఎట్లాంటిదత్తా?” అని నీ గురించి అడిగింది. కన్నదాన్ని, మంచిదే అనాలి. ఉమామహేశ్ గురించి భువన వాళ్లమ్మతో ఒకప్పుడు ఆ మాటే అన్నాను. ఈసారి ఆ మాట అనకుండా, నిన్నే అడగమన్నాను.

ఆ పిల్లకు నువ్వే జవాబు రాయి.

ఇట్లు,
మీ ఇద్దరినీ కన్న అమ్మ,
మహాదేవమ్మ