గులాం మెటల్

జనవరి 6, సోమవారం
అందరూ బాగుండారా? నా కొడుకు ఇలియాస్ నడుము ఎట్లుంది? కోడలు గౌసియా తుమ్ములు ఆగినాయా? కాలేజీకి పోయే మనవరాలు తస్లీమా కడుపునిండా తింటాందా?
అందరూ దుబాయ్ పక్కనుండే ఈ అజ్మాన్ ఇంట్లోనే, గోడ అవతలే ఉండారు. కానీ నాకు రాయను వచ్చింది ఉత్తరమొకటే. ఉత్తరం ఇట్లనే మొదలుపెడతారు.
నా బీపీ బాగలేదు. మనసులోది పుస్తకంలో రాయి, దిగులు మానెయ్ అనింది డాక్టరమ్మ. మానేసినా! ఇంత సులువని తెలిసింటే నలభై ఏండ్ల కిందటే మానేసిందును.

జనవరి 7, పొద్దున
దిగులు లేదు. గ్యాస్ ఆపినానా అని లేచి చూసినా. అది దిగులు కాదు, జాగ్రత్త.

అదే రోజు, సాయంత్రం
తస్లీమా గోడకు నలుగురు ఆడోళ్ళ బొమ్మ అంటించింది. తోలు ప్యాంట్లు, గొలుసులు, గాలిదుమారంలో చిక్కుకున్నట్టు జుట్టు. ఎవురే వీళ్ళు అంటే, చెవుల్లో వైర్లు గూడా తీయకుండా "గులాం మెటల్ జేజీ. శనివారం శనివారం అల్ ఖూజ్‌లో మేమూ అదే చేస్తాండాం" అనింది.
దుబాయ్‌లో ఆ అల్ ఖూజ్ పక్క ఉండేది గోడౌన్లు, వెల్డింగ్ షాపులు. ఎవురీ గులాం? ఏ ఊరాయన? పెండ్లయిందా? దిగులేం లేదు. ఊరికే అడుగుతాండా.

జనవరి 9
లోపల పెట్టుకుంటే బీపీ అని పక్కింటి షహజాదీకి చెప్పేసినా. "పిల్ల ఎవురో గులాం షాపులో ఇనుము పని చేస్తాంది. వాడు ఆడోళ్ళకు నిండుగా గుడ్డలు గూడా ఇయ్యడు."
ఎవురికీ చెప్పనని ఒట్టేసింది. షహజాదీ ఒట్టేసిందంటే షార్జా దాకా పోయిందనే.

జనవరి 11
"ఎవడే ఆ గులాం?" ఇలియాస్ చెప్పులు విడవకుండానే అరిచినాడు.
తస్లీమా పడీపడీ నవ్వింది. "గులాం కాదు నాన్నా, గ్లామ్! గ్లామ్ మెటల్! ఎనభైల నాటి పాటలు. మేం నలుగురు ఆడపిల్లలం వాయిస్తాం. నెలాఖరులో ప్రోగ్రాం గూడా ఉంది."
"గిటారు నేర్చుకుంటానంటే సరే అంటి. స్టేజీ ఎక్కుతావా? ఆ బొమ్మలో వాళ్ళ మాదిరి?" అని గిటారు తీసి బీరువా మింద పెట్టినాడు. "ఖలాస్!"
పిల్ల నవ్వు ఆగిపోయింది. అన్నం ముట్టలేదు. అంతా నా నోటి చలవ.

జనవరి 13
తస్లీమా నాతో మాట్లాడదు. ఫోన్ మాత్రం నా ఒళ్ళో పడేసింది. "చూడు, ఎవురి మింద చాడీ చెప్పినావో."
చూసినా. గోడ మింద బొమ్మలోని ఆడోళ్ళ పాటే. ఒకామె జుట్టు మా నాయన ఏకిన దూదే! గిటారు మోత గూడా ఆయన దూది ఏకే విల్లు మోతే. కరెంటు పెట్టినారు, అంతే తేడా. వీళ్ళు ఇట్ల ఎగిరే రోజుల్లో నేను ప్రొద్దుటూర్లో పరుపులు కుడతాంటి. నా ఈడోళ్ళే!
తర్వాత మొగోళ్ళ పాట వచ్చింది. అదే జుట్టు, అదే లిప్‌స్టిక్, అదే బిగుతు ప్యాంటు.
తస్లీమా గోడతో చెప్పింది: "ఈళ్ళను ఎవురూ అడగలా. ఆడోళ్ళనే అడిగినారు, నిజంగా మీరే వాయిస్తారా అని."
అవును మరి. మొగోడు పూసుకుంటే కళ, ఆడది పూసుకుంటే వేషం.

జనవరి 15
డాక్టరమ్మ ఈ పేజీ చదవకూడదు.
ఫోన్లో వాళ్ళ పాట మళ్ళా చూసినా. ఎర్ర గిటారు పట్టుకున్నామె పక్కనే మంటలు లేపుతాండారు. జుట్టుకు కొట్టిన స్ప్రే అంటుకుంటే? ఆ ఎత్తు చెప్పులతో జారితే? డ్రమ్ములామెకు భుజాలు ఎంత పీకినాయో. ఇప్పుడు వాళ్ళ మోకాళ్ళు ఎట్లుండాయో!
పాడే ఆమె ఒక కేక పెడుతుంది. చివర్న గొంతు చీలుతుంది. అయినా ఆపదు, నవ్వుతుంది. అది మళ్ళా మళ్ళా పెట్టుకుని విన్నా. అట్ల అరవాలని నాకు ఎన్నిసార్లు అనిపించిందో. నేను మెల్లగా దగ్గి ఊరుకుంటి.
బీపీ పెరిగింది.

జనవరి 17
ఇలియాస్ పక్కన కూర్చున్నా. "పిల్లను పోనీ నాయనా."
"ఆ గోడౌన్లలోకి ఎవురు తోడు పోతారు?"
"నేను పోతా."
"నువ్వా! లిఫ్ట్ ఎక్కాలంటేనే దువా చదువుతావు!"
"రెండుసార్లు చదువుకుంటా. అది అరవాల్సిన ఈడు, ఇలియాస్. ఇప్పుడు నోరు నొక్కితే నా మాదిరి అవుతుంది. రోజంతా గ్యాస్ ఆపినానా లేదా అని చూసుకుంటా ఉంటుంది."
వంటింట్లో గౌసియా గిన్నెల చప్పుడు ఆగింది. ఇలియాస్ కుర్చీ ఎక్కి, నడుము పట్టుకుని, గిటారు దించినాడు.
"నీకేమన్నా అయితే నా పూచీ లేదమ్మా."

జనవరి 18
ఈ రోజు నుంచి దిగులు మళ్ళా మానేస్తాండా. ఈసారి గట్టిగా! బ్యాగులో టార్చి, కాలిన గాయాల మందు, రెండు స్వెటర్లు, పిల్లకు ఫ్లాట్ చెప్పులు పెట్టినా. వేసుకోదు. అయినా పెట్టినా.
తస్లీమా మాట్లాడింది! "జేజీ, నీకు ముందు వరసలో కుర్చీ వేయిస్తా."
"కుర్చీ ఎందుకే? నిలబడి చూస్తా."
ప్రోగ్రాముకు పోయేది వచ్చే శనివారం, 25వ తేదీ, సాయంత్రం అసర్ నమాజు కాగానే.