ఎద్దు, నల్లది

ఆమదాలవలస,
ఆదివారం.

చిరంజీవి ఝాన్సీకి అమ్మ దీవెనలు. ఇక్కడ మీ నాన్నా, నేనూ, నా మోకాలి నొప్పీ ముగ్గురం క్షేమం. ఢిల్లీలో నువ్వూ, నీ దగ్గర గ్రీకు చదువుకునే ఆ నలుగురు పిల్లలూ బాగున్నారని తలుస్తాను.

తైలం రాసుకుంటున్నావా అని అడిగావు. రాసుకుంటున్నాను. మన పుస్తకంలో ఎద్దు ఏమైందనీ అడిగావు. ఈ ఉత్తరం దాని గురించే. ఫోనులో చెప్పడానికి నోరు రాలేదు.

నువ్వు గ్రీకు మాటకి మాట అర్థం రాసి పంపడం, నేను దాన్ని తెలుగు చెయ్యడం, రెండేళ్లుగా ఇదే మన పని కదా. ఎప్పటివాడో, పేరైనా తెలియని ఆ రైతు, పొరుగువాడు చేసిన దొంగతనం గురించి న్యాయసభలో మొరపెట్టుకుంటాడు. "నా ఎద్దుని తోలుకుపోయాడు, నల్లదాన్ని" అని నువ్వు రాసి పంపావు. ముప్పై ఏళ్లు తెలుగు చెప్పినదాన్ని, ఊరుకుంటానా? "నా నల్లని ఎద్దును అపహరించెను" అని దిద్దాను. నువ్వు పక్కన పెన్సిలుతో రాశావు: "అమ్మా, ముందు ఎద్దు అన్నాడు. రంగు తర్వాత గుర్తొచ్చిందో, వినేవాళ్లకి అనుమానం రాకుండా చేర్చాడో. ఇంకోచోట రంగే ముందు పెట్టాడు, అక్కడ రంగుతోనే పని. దీనికి ఒక్క సూత్రమంటూ లేదు, ప్రతిసారీ ముందూ వెనకా చూసి తేల్చుకోవాలి." విశేషణం ఎక్కడుండాలో నా కూతురు నాకు చెప్పడమా అని ఒళ్లు మండింది.

తర్వాతి వారం, కూరలమ్మే కూర్మమ్మ గుమ్మంలో గంప దించి కూలబడింది.

"మేక కనపడ్నేదు టీచరమ్మా. సూడిది. పొద్దున్నుంచి ఎతుకుతన్నాను."

ముందు మేక. ఊపిరి తీసుకున్నాక, సూడిది, అంటే కడుపుతో ఉన్నదని. ఆ మాటని ముందుకి జరిపి, "సూడి మేక కనపడలేదు" అని చూశాను. ఆవిడ ఏడుపు కాస్తా నా క్లాసు పాఠమైపోయింది. (మేక సాయంత్రానికి దొరికింది, కంగారుపడకు.) ఇప్పుడెవరూ మాట్లాడని ఆ పాత గ్రీకులో, ఒక మాట అటుదిటు అయితే, ఆ మనిషి ఎక్కడ ఆగాడో నువ్వు ఇంత దూరం నుంచి వింటున్నావు. నా కడుపున పుట్టినదానికి ఇంత చెవి ఎక్కడిదా అనుకున్నాను. చాలా గర్వపడ్డాను ఝాన్సీ. నువ్వు చెప్పినట్టే అంతా తిరగరాశాను.

ఇక దాచింది చెబుతాను. అట్ట మీద నా పేరొక్కటే వేయించాను. "అనువాదం: పద్మకుమారి." నీకింకా ఎన్నో పుస్తకాలొస్తాయి, నాకిదొక్కటే కదా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అది సాకు. ఆశపడ్డాను, అంతే.

మంగళవారం విజయనగరం వెళ్తే, ప్రెస్సు నగరేశ్వరరావుగారు ఎద్దు పేజీ తీశారు. "ఇది సదువుతుంటే మా నాన్న ఎదురుగా కూకుని మాటాడినట్టున్నాది. మీ బుర్రే బుర్రండి టీచరమ్మా," అన్నారు. నవ్వి ఆ మెప్పు పుచ్చుకున్నాను. స్టేషన్‌కి వచ్చి టికెట్ తీసుకున్నాను. బండి వచ్చింది కానీ ఎక్కలేకపోయాను. ఆటో ఎక్కి మళ్లీ ప్రెస్సుకే వెళ్లాను.

"ఆ బుర్ర మా అమ్మాయిదండి. అట్ట మార్చాలి."

"మూడొందలు అచ్చయిపోనాయి కదండీ."

"అవి నాకిచ్చెయ్యండి."

కొత్త అట్ట మీద ముందు నీ పేరు, కింద నాది. నీకు కోపం వస్తే రానీ, తిట్టాలనుంటే తిట్టు. పడతాను.

పాత అట్టలు కూర్మమ్మ పట్టుకుపోయింది. "మందంగున్నాయి, పొట్లాలకి బాగుంటాయి," అంది. నిన్న వాటిలోనే పచ్చిమిరపకాయలు కట్టి ఇచ్చింది. విప్పి చూస్తే నా పేరు, ఒక్కటే.

ఇట్లు
నీ అమ్మ,
ఎద్దుని తోలుకుపోయినది.