మెట్ల వీధికి ఓటొచ్చింది

వచ్చేసిందే తల్లీ, మన వీధికి వాలుబాట వచ్చేసింది! పట్టుకు నడవడానికి పక్కన ఇనప కమ్మీతో సహా! నిన్న పురపాలక సంఘం బడ్జెట్‌లో పాసైంది. చదవడం ఇక్కడ ఆపి, ముందు అమ్మ దగ్గరికెళ్లి ఈ మాట చెవినేసి రా. నేను ఆగుతాను.

చెప్పావా? ఏమంది? "మీ నాన్నకి అన్నీ సంబరాలే" అని ఉంటుంది. అననీ. ఆ సంబరంలో నీకు ముద్దులు రాయడం కూడా మరిచిపోయాను. ఇప్పుడు రాస్తున్నాను. నా చిన్నితల్లికి నాన్న ముద్దులు. అమ్మని కళ్లల్లో పెట్టుకు చూసుకుంటున్న అల్లుడుగారికి ఆశీస్సులు.

ఇక మొదట్నుంచీ చెబుతాను, అమ్మకి గట్టిగా చదివి వినిపించు. ఇన్నేళ్లూ మన ఊళ్లో సొంతిల్లున్నవాళ్లకే పురపాలక ఎన్నికల్లో ఓటు. మన మెట్ల వీధిలో కిందనుంచి పైదాకా అందరం అద్దెవాళ్లమే. ఇంటిపన్ను మన అద్దెలోంచే పోయేది, ఓటు మాత్రం ఇంటిగలాయనది. ఆయనేమో పెద్ద బజార్లో ఉంటాడు. అందుకే ఏటా బడ్జెట్ వచ్చేసరికి పెద్ద బజారుకే కొత్త దీపాలు, కొత్త రాళ్లు. మన మెట్లు విరిగితే విరిగినట్టే. అడిగేవాడికి ఓటు లేకపోతే వినేవాడికి చెవులుండవు కదమ్మా. అమ్మ మీ ఇంటికొచ్చిన కొన్నాళ్లకి చట్టం మారింది, అద్దెకున్నవాళ్లకీ ఓటిచ్చారు. ఇచ్చారో లేదో, ఎప్పుడూ మన గడప చూడని వార్డు సభ్యుడు, అదే, మన గొడుగాయన, ఎండైనా వానైనా గొడుగు లేకుండా కదలడు కదా, మెట్లెక్కుతూ ప్రత్యక్షం!

మనింటి దాకా వచ్చేసరికి పాపం గస పెడుతున్నాడు. కుర్చీ వేశాను. ఏ కుర్చీ అనుకున్నావ్? వడ్రంగం నేర్చిన కొత్తలో మీ అమ్మకోసం చేసిన చేతుల కుర్చీ. మోకాళ్లు అరిగిపోయాక అమ్మని కూర్చోబెట్టి వీధివాళ్లందరం కిందికి మోసుకొచ్చామే, అదే. గొడుగాయన మంచినీళ్లు తాగి "మీకేం కావాలో చెప్పండి" అన్నాడు. ఇంకేముంది, సంతే! దర్జీ అమ్మాయి దీపం అంది. నీళ్ల డబ్బాలు మోసే అతను కుళాయి అన్నాడు. ఇంకొకరు మురుగుకాలవ. గొడుగాయన ముఖం వెలిగిపోయింది. తలో మాటా అంటే తలో అబద్ధం చెప్పి దిగిపోవచ్చుగా!

అప్పుడు మన మంగలి లేచాడు. "ఆగండి! పెద్దమ్మని ఈ కుర్చీలో దించినప్పుడు ముందుకాలు పట్టింది నేను. దారంతా రెండు చేతుల్తో ముఖం కప్పుకుంది. భయమనుకున్నాను. దిగాక చూస్తే ఏడుస్తోంది. నాకు మాత్రం వాలుబాట కావాలి, ఆవిడ తన కాళ్లతో మళ్లీ పైకి రావాలి."

దర్జీ అమ్మాయి "దీపం తర్వాత చూద్దాంలే" అంది. నీళ్లతను "వాలుబాట పడితే నా డబ్బాల బండీ ఎక్కుతుంది" అన్నాడు. మంగలి ఊరుకుంటాడా? "సార్, మీరూ ఓసారి కుర్చీలో దిగి చూడండి. మేం మోస్తాం."

"వద్దయ్యా, నాకు కాళ్లున్నాయి."

"ఓటడగడానికొచ్చి, ఓటర్లు నెత్తిన పెట్టుకుంటామంటే కాదంటారేంటి?"

ఎత్తేశారమ్మా! విరిగిన మెట్టు దగ్గర కుర్చీ ఒరిగింది. గొడుగు చేజారి ఒక్కటే దొర్లుకుంటూ అడుగుదాకా పోయింది. "దించండ్రా నాయనా, మీకు దణ్ణం పెడతాను!" అని ఒకటే కేక. నవ్వలేక చచ్చాం. ఆయన మాత్రం నవ్వలేదు. దిగి నిలబడి, "పెద్దావిడ, ఇందులో ఎలా కూర్చుందయ్యా?" అని మెల్లగా అడిగాడు. చెడ్డవాడు కాదమ్మా. ఎక్కాల్సిన అవసరం రాలేదు, అంతే.

ఎన్నికల్లో పెద్ద బజారు ఓట్లు అవతలివాడికి పోతే, మన మెట్లే ఆయన్ని గట్టెక్కించాయి. నిన్న బడ్జెట్ సమావేశానికి వీధి వీధంతా వెళ్లి వెనక బల్లలమీద కూర్చున్నాం. అధ్యక్షుడు ఎప్పట్లా "పెద్ద బజారు దీపాలు" అని చదివేసరికి గొడుగాయన లేచాడు. "దీపాలు ఒక్క ఏడాది ఆగితే ఎవరూ గోతిలో పడరు. నేను ఆ కుర్చీలో కూర్చొచ్చాను. అయినా మళ్లీ ఓట్లకి నేను ఎక్కాల్సింది ఆ మెట్లే కదండీ!" సభ్యులందరూ గొల్లున నవ్వారు. కానీ వాళ్ల వార్డుల్లో మాత్రం అద్దెవాళ్లు లేరా? ఒక్కో చెయ్యే లేచింది. నేను చప్పట్లు కొడితే బంట్రోతు "పెద్దాయనా, ఇక్కడ కొట్టకూడదు" అన్నాడు. సరేనని ఏడిచాను. మనిషీ అదే, గొడుగూ అదే. ఈసారి మనం లెక్కలోకొచ్చాం.

ఇక్కడ ఆపు. ఈ ముక్క నీకు మాత్రమే. అమ్మ ఫోన్లో అడిగినప్పుడల్లా హాయిగా ఉన్నానంటాను చూడు, అబద్ధం. అమ్మ లేని ఇల్లు చెక్కపెట్టెలా ఉంది. అమ్మ వెళ్లిన వారమే, ఏడాది గడువు తీరగానే ఖాళీ చేస్తానని ఇంటిగలాయనకి మాటిచ్చేశాను. కిందెక్కడో ఓ గది చూసుకుని అమ్మని తెచ్చుకుందామని. ఊరంతా కనబడే ఆ కిటికీ అమ్మకి ప్రాణం. అందుకే మీకు చెప్పడానికి నోరు రాలేదు. ఈ పొద్దున్నే ఆయన దగ్గరికెళ్లి, ఖాళీ చెయ్యనన్నాను.

"అదేంటయ్యా, మాటిచ్చావుగా?"

"ఇచ్చానండీ. అప్పటికి నాకు ఓటు లేదు."

ఆయన పకపకా నవ్వి, "ఉండవయ్యా బాబూ, ఉండు" అన్నాడు.

పోనీలే, ఇదీ అమ్మకి చదివేసెయ్. ఇంకా దాచి ఏం చేసుకుంటాను? చలికాలానికల్లా బాట పూర్తవుతుందట. అప్పటిదాకా రోజూ వరండాలో నడిపించు. కుర్చీ మాత్రం కిందికి తేను, ఒట్టు. కిటికీ పక్కన వేసి ఉంచుతాను. వచ్చి కూర్చోమను.

సంతోషం పట్టలేని
మీ నాన్న

మరిచాను, ఈ కబురు అందరికీ అందాలి. మీ అక్కకీ బావకీ. "ఓటుతో ఒరిగేదేముంది అన్నయ్యా" అన్న మీ బాబాయికి, రెండుసార్లు. చెవులు వినబడని మీ అత్తయ్యకి, అరిచి. మీ మేనమామకి, ఆయన చెబితే వాళ్ల ఊరంతా చెప్పినట్టే. అందరికంటే చివర, మళ్లీ అమ్మకి. విననట్టు నటిస్తుంది, ఇంకోసారి చెప్పించుకోవాలని.